ఫిలాసఫీ ఎమ్మే: చేరేముందు లెక్కలు, చేరాక పని, ఆపైన బతుకుతెరువు

2025లో ఒక అంకె ఇంటర్నెట్ అంతా తిరిగింది. అమెరికాలో కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్ళలో నిరుద్యోగం ఎంత ఉందో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు సబ్జెక్టులవారీగా లెక్కగట్టి పెడుతుంది. అప్పటి పట్టికలో కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు 6.1 శాతం, ఫిలాసఫీ వాళ్ళకు 3.2 శాతం అని ఉంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి, కోడింగు కంటే తత్వశాస్త్రమే నయమని తేల్చేసినవాళ్ళు చాలామంది. అదే పట్టికలో మరో గడి ఉంది. డిగ్రీ అక్కర్లేని పనుల్లో సర్దుకుపోయినవాళ్ళు ఎంతమందో అది చెబుతుంది. అక్కడ ఫిలాసఫీ అంకె కంప్యూటర్ సైన్స్ అంకెకు రెట్టింపు పైనే. ఒక గడి చూపించి రెండోది చెప్పకపోతే పద్దెనిమిదేళ్ళ పిల్లలకు అన్యాయం చేసినట్టే.

ఇలాంటిదే ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది. అమెరికాలో పీజీకి రాసే జీఆర్‌ఈలో వెర్బల్, అనలిటికల్ రైటింగ్ విభాగాల సగటు మార్కులు తీస్తే ఫిలాసఫీ వైపు వెళ్ళదలచినవాళ్ళు ఏళ్ళ తరబడి అగ్రభాగాన ఉంటున్నారు. ఇది నిజం. కాబట్టి ఫిలాసఫీ చదివితే బుర్ర పదునెక్కుతుంది అంటారు. ఈ 'కాబట్టి' దగ్గర కాసేపు ఆగాలి.

అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. ఆయన రాసిన తర్కసంగ్రహం ఇవాళ్టికీ న్యాయ దర్శనంలో, అంటే మన సంప్రదాయ తర్కశాస్త్రంలో అడుగుపెట్టేవాళ్ళకు మొదటి పాఠ్యపుస్తకం. అందులో తప్పు వాదానికి ఒక ఉదాహరణ ఉంది: "కొండ మీద పొగ ఉంది, ఎందుకంటే అక్కడ నిప్పు ఉంది." వినడానికి బాగానే ఉంటుంది గానీ ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టెలు తోడవ్వాలి. ఇలా పైకి చెప్పకుండా వెనక ఉండి ఫలితాన్ని తెచ్చిపెట్టే షరతును నైయాయికులు, అంటే న్యాయ దర్శన పండితులు, ఉపాధి అంటారు. దాన్ని పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు వేస్తారు. ఫలితం ఉన్న ప్రతిచోటా ఇది ఉందా? కారణంగా చూపించినది ఉన్న ప్రతిచోటా ఇది ఉందా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబొస్తే ఉపాధి దొరికినట్టే. ఆ వాదం ఇక నిలవదు.

జీఆర్‌ఈ మాటను ఈ రెండు ప్రశ్నలతో చూడండి. ఫలితం మంచి మార్కులు, కారణంగా చూపిస్తున్నది ఫిలాసఫీ చదువు. వెనక దాక్కున్న షరతు, ముందునుంచీ ఉన్న చదివే అలవాటు అనుకుందాం. వెర్బల్‌లో మంచి మార్కులు వచ్చిన ప్రతివాడికీ దాదాపు అది ఉంటుంది. ఫిలాసఫీలో చేరిన ప్రతివాడికీ ఉంటుందా? వేరే ఎక్కడా సీటు రాక చేరినవాడికి ఉండకపోవచ్చు. అంటే ఆ మార్కుల వెనక ఉన్నది ఈ చదువో, చదివేవాళ్ళు ఈ చదువును ఎంచుకోవడమో సగటు అంకె చెప్పలేదు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడని మన పండితుల్లో ఉన్న నానుడి కూడా ఇదే సందేహాన్ని పట్టుకుంది.

సంతోషం కలిగించే విషయం ఏమిటంటే, ఈ తడి కట్టెల్ని వేరుచేసి చూసినవాళ్ళు ఉన్నారు. ఇద్దరు అమెరికా పరిశోధకులు ఆరు లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలు తీసుకుని, కాలేజీలో చేరకముందే వాళ్ళకున్న మార్కుల తేడాను లెక్కలోంచి తీసేసి మళ్ళీ పోల్చారు. అప్పుడు కూడా ఫిలాసఫీ వాళ్ళు భాషకు, తర్కానికి సంబంధించిన పరీక్షల్లో ముందున్నారు. 2025లో వచ్చిన ఆ ఫలితంలో తేడా మరీ పెద్దదేమీ కాదు, కానీ ఉంది. అది అమెరికా విద్యార్థుల లెక్క, మన విశ్వవిద్యాలయాలకు ఉన్నదున్నట్టు అతకదు.

పై నాలుగు పేరాల్లో జరిగిన పనే ఫిలాసఫీ చదువు. ఎవరో ఒక మాట అంటారు. దాని కింద ఏముందో విప్పాలి, ఎక్కడ అతుకు వదులుగా ఉందో చూడాలి, ఆ తర్వాత ఆ మాటలో నిలబడేది ఎంతో నిజాయితీగా ఒప్పుకోవాలి. రెండేళ్ళు రోజూ ఇది చేసినవాళ్ళు ఏ కాగితం చేతికిచ్చినా వేరుగా చదువుతారు. ఎమ్మే ఫిలాసఫీ చేయమని చెప్పడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు. ఉద్యోగాల సంగతి దీని నుంచే మొదలవుతుంది, కానీ దీనితో పూర్తి కాదు.

ఎక్కడ చదవొచ్చు

తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ స్థాయిలో ఫిలాసఫీ దొరకడం కష్టం. ఇంటర్ తర్వాత నేరుగా బీఏ ఆనర్స్ చేయాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీలు, కోల్‌కతా, చెన్నై వైపు చూడాల్సిందే. ఢిల్లీకి సీయూఈటీ యూజీ, అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. చెన్నైలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ విభాగం పాతది. సర్వేపల్లి రాధాకృష్ణన్ బీఏ, ఎమ్మే చదివింది అక్కడే.

ఎమ్మే సంగతి వేరు. ఎక్కువ చోట్ల ఏ డిగ్రీ చేసినవాళ్ళయినా చేరవచ్చు కాబట్టి బీటెక్, బీకాం, బీఎస్సీ చేసినవాళ్ళు వస్తుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రవేశం సీయూఈటీ పీజీ ద్వారా. 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత, మొత్తం 300. దరఖాస్తులు చలికాలంలో మొదలై పరీక్ష సాధారణంగా మార్చిలో ఉంటుంది. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు మే నెలలో ఆలోచించడం మొదలుపెడితే ఆ ఏడు బండి దాటిపోయినట్టే. ఏటా ఎక్కువమంది చేజార్చుకునేది ఇక్కడే. ఉస్మానియాలో చేరాలంటే సీపీగెట్, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఏపీ పీజీసెట్ నోటిఫికేషన్లు చూసుకోవాలి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫిలాసఫీ శాఖకు పెద్ద చరిత్ర ఉంది. 1931 నుంచి 1936 దాకా అక్కడ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రాధాకృష్ణన్, అక్కడి నుంచే ఆక్స్‌ఫర్డ్‌కు స్పాల్డింగ్ ప్రొఫెసర్‌గా వెళ్ళారు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి అదే విశ్వవిద్యాలయంలో చాలాకాలం బోధించి, తర్వాత యూజీసీ ఉపాధ్యక్షులయ్యారు. ఆయనకు 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం దారి ఇంకోటి. అక్కడ న్యాయం, అద్వైతం, విశిష్టాద్వైతం మూల గ్రంథాలతో, సంస్కృతంలోనే చదువుతారు. సంస్కృతం వచ్చి, పాశ్చాత్య తర్కం కూడా తెలిసినవాళ్ళు దేశంలో తక్కువ. ఆ రెండూ కలిసినవాళ్ళకు పరిశోధనలో నిజమైన గిరాకీ ఉంది.

ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవాళ్ళకు ఇగ్నో ఎమ్మే ఉంది. డిగ్రీగా అది చెల్లుతుంది, అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన నెట్ రాయడానికి పనికొస్తుంది. కానీ ఫిలాసఫీ నోటితో నేర్చుకునే చదువు. మనం అన్న మాటను ఎదురుగా కూర్చున్నవాడు "ఎందుకు?" అని అడగాలి, దానికి మనం తడుముకోవాలి. దూరవిద్యలో ఆ లోటు సొంతంగా పూడ్చుకోవాలి. వారానికి ఒకసారి ఆన్‌లైన్‌లో కలిసి ఒక వ్యాసం చదివే ముగ్గురు నలుగురు స్నేహితులు దొరికితే చాలావరకు పూడుతుంది.

లోపల ఏం చేస్తారు, ఎక్కడ తడబడతారు

నాలుగు సెమిస్టర్లలో తర్కం, జ్ఞానమీమాంస (తెలుసుకోవడం అంటే ఏమిటి), తత్వమీమాంస (ఉన్నది ఏమిటి), నీతిశాస్త్రం, భారతీయ దర్శనాలు, పాశ్చాత్య తత్వశాస్త్రం వస్తాయి. ఆపైన మనసు, భాష, విజ్ఞానం, రాజకీయం, మతం మీద ఎంచుకునే పేపర్లు ఉంటాయి.

మొదటి సెమిస్టర్‌లో నిరాశపడేవాళ్ళు రెండు రకాలు. ప్రవచనాలు విని, మనశ్శాంతి కోసం వచ్చినవాళ్ళు ఒకరు. శంకరుడి మాయావాదానికి రామానుజుడు లేవనెత్తిన ఆక్షేపణలు నిలుస్తాయా అని అడిగినప్పుడు వాళ్ళు కంగుతింటారు, ఇక్కడ ఎవరినీ పూజించడం కుదరదు కాబట్టి. రెండోవాళ్ళు లెక్కలంటే భయపడి ఆర్ట్స్ వైపు వచ్చినవాళ్ళు. వాదాలను గుర్తులతో రాసే సింబాలిక్ లాజిక్ వాళ్ళను బెదరగొడుతుంది. నిజానికి అందులో లెక్కలు లేవు. రోజుకు పది చొప్పున నిరూపణలు చేతితో వేస్తే రెండు నెలల్లో చేతికొస్తుంది. పరీక్షకు వారం ముందు మొదలుపెడితే రాదు.

అందరికంటే ఎక్కువ కష్టం తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళది. పాఠాలు ఇంగ్లీషులో, చదవాల్సినవి ఇంగ్లీషులో, అదీ వంకర తిరిగిన ఇంగ్లీషులో. చాలామంది ఇక్కడ గైడ్లకు, యూట్యూబ్ నోట్సుకు మళ్ళుతారు. ఆ క్షణం నుంచి వాళ్ళకు ఈ చదువు వల్ల లాభం ఆగిపోతుంది, ఎందుకంటే గైడు వాదాన్ని తీసేసి తీర్పును మాత్రమే మిగులుస్తుంది. జర్మన్ తత్వవేత్త కాంట్ ఏమన్నాడో తెలుస్తుంది, ఎందుకన్నాడో తెలియదు. ఇంటర్వ్యూలో అడిగేది రెండోదే.

పనిచేసే పద్ధతి ఇది. ఫిలాసఫీ వ్యాసం గంటకు రెండు మూడు పేజీల కంటే వేగంగా సాగదని ముందే ఒప్పుకోండి. ఇరవై పేజీల వ్యాసానికి మూడు సాయంత్రాలు కేటాయించండి. మొదటిరోజు డిక్షనరీ తీయకుండా చివరిదాకా చదివి, రచయిత దేనికి ఒప్పించాలని చూస్తున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులో రాయండి. రెండోరోజు ప్రతి పేరాకు పక్కన ఒక తెలుగు వాక్యం రాయండి. పేరాలో ఏం చెప్పాడన్నది కాదు, ఆ పేరా ఏం పని చేస్తోందో రాయాలి: ఇది ఉదాహరణ, ఇది ఎదుటివాడి ఆక్షేపణ, ఇది దానికి జవాబు అని. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎదుటివాడి ఆక్షేపణను రచయిత సొంత అభిప్రాయం అనుకుని పరీక్షలో తలకిందులుగా రాస్తారు. మూడోరోజు మొత్తం వాదాన్ని నాలుగైదు అంచెలుగా విడగొట్టి, ఇంగ్లీషులో రాసి, ఏ అంచె మీద మీకు అనుమానమో గుర్తుపెట్టండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం వల్ల ఆలోచన చిక్కబడుతుంది. దాన్ని లోపం అనుకోనక్కర్లేదు.

అంచెలుగా విడగొట్టడం అంటే ఏమిటో మన చుట్టూ రోజూ వినపడే మాటతోనే చూద్దాం. "మంచి ర్యాంకు తెచ్చుకున్నవాడికే మెడికల్ సీటు ఇవ్వడం న్యాయం, అది వాడి కష్టం." ఇందులో ఉన్న అంచెలు: ఎవరైనా తన కష్టంతో సంపాదించుకున్నదానికి అర్హుడు. ర్యాంకు ఆ అభ్యర్థి కష్టంతో వచ్చింది. కాబట్టి ఆ ర్యాంకుకు దక్కే సీటుకు అతను అర్హుడు. రెండో అంచె బలహీనమని చాలామంది వెంటనే పట్టుకుంటారు. కోచింగ్ ఫీజు ఎవరు కట్టారు, చదువుకోవడానికి ఇంట్లో గది ఉందా, ఏ మీడియంలో చదివాడు అని. సగటు విద్యార్థి అక్కడితో ఆపేసి, సీటు ఇవ్వడం అన్యాయమని తేల్చేస్తాడు. ఆ తేల్చడం తప్పు. ఒక వాదం కూలినంత మాత్రాన దాని ముగింపు అబద్ధం కాదు. రోగులకు మంచి డాక్టర్లు కావాలి కాబట్టి ర్యాంకు చూడాలని ఇంకెవరైనా అనొచ్చు. అప్పుడు సీటు బహుమతి కాదు, బాధ్యత అవుతుంది. అక్కడి నుంచి చర్చ మళ్ళీ కొత్తగా మొదలవుతుంది: మంచి డాక్టరు అవుతాడని చెప్పే కొలత ర్యాంకేనా? రిజర్వేషన్ల మీద మన టీవీ చర్చలు యాభై ఏళ్ళు సాగినా మొదటి అంచె దాటకపోవడానికి కారణం ఈ విడగొట్టే ఓపిక లేకపోవడమే. ఇది చేయగలిగినవాళ్ళు ప్రతి ఊళ్ళో పదిమంది ఉన్నా మన బహిరంగ జీవితం బాగుపడుతుందని గట్టిగా నమ్మవచ్చు.

ఉద్యోగాలు: ముందు చేదు నిజం

ఎమ్మే ఫిలాసఫీ అనగానే అందరికీ తోచేది లెక్చరర్ ఉద్యోగం. తెలుగు రాష్ట్రాల్లో ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం ప్రమాదం. డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ చెప్పేవాళ్ళ అవసరం ఉండాలంటే ముందు డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి కదా. అది దాదాపు లేదు కాబట్టి పోస్టులూ దాదాపు లేవు. డీఎస్సీలో ఫిలాసఫీకి స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఉండదు. ఇక మిగిలేవి కొన్ని విశ్వవిద్యాలయ శాఖలు. అక్కడ నియామకాలు ఎప్పుడు జరుగుతాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

బెంగాల్, ఒడిశా, అస్సాం, బీహార్, ఉత్తరప్రదేశ్, ఢిల్లీల్లో డిగ్రీ స్థాయిలో ఫిలాసఫీ ఉంది కాబట్టి పోస్టులు అక్కడ పడుతుంటాయి. కానీ బీహార్, యూపీ కాలేజీల్లో తరగతి హిందీలో నడుస్తుంది. అధ్యాపక వృత్తే లక్ష్యమైతే ఎమ్మే మొదటి ఏడాది నుంచే హిందీలో మాట్లాడటం, రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టండి. ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఆ దారికి వాకిలి యూజీసీ నెట్. ఫిలాసఫీ సబ్జెక్టు కోడ్ 03. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, రెండూ కలిపి మూడు గంటలు, 300 మార్కులు. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ వదిలిపెట్టకూడదు. ఎమ్మేలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50 శాతం. రెండు పేపర్లూ రాసినవాళ్ళలో 6 శాతం మందిని అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హులుగా ప్రకటిస్తారు. వాళ్ళలోనూ పైన ఉన్నవాళ్ళకే పరిశోధనకు ఇచ్చే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్. ఈ తేడా జీవితాన్ని మార్చేస్తుంది. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000, సీనియర్ అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసేవాళ్ళకు ఇచ్చే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. హైదరాబాదులో దానితో బతకడం ఎలాగో ఊహించుకోండి. భారత తత్వశాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీపీఆర్, విడిగా ఫెలోషిప్పులు ఇస్తుంది. నెట్‌కు మాత్రమే చూసి దీని ప్రకటన మర్చిపోయేవాళ్ళు ఎక్కువ.

కాలం లెక్క కూడా వేసుకోవాలి. డిగ్రీ తర్వాత ఎమ్మే రెండేళ్ళు, పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ చాలు, కానీ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ లేకుండా పోటీలో నిలవడం కష్టం. ఉద్యోగం వస్తే మూలవేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. అప్పటికి ముప్పై దగ్గరపడతాయి. ఇంటి బాధ్యతలు ఇప్పటికే మీద పడ్డవాళ్ళు ఈ లెక్క ఇంట్లో కూర్చుని, కాగితం మీద వేసుకోవాలి.

సివిల్స్ కోసం ఎమ్మే చేయాలా

అక్కర్లేదు. ఇది ఇంత సూటిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఆ ఆలోచనతో చేరేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్‌గా తీసుకోవడానికి ఆ సబ్జెక్టులో డిగ్రీ ఉండనవసరం లేదు. సిలబస్ చిన్నది, వర్తమాన వ్యవహారాలతో పని తక్కువ. మొదటి పేపర్లో ప్లేటో నుంచి 20వ శతాబ్దపు క్వైన్, స్ట్రాసన్ దాకా, చార్వాకుల నుంచి అరవిందుడి దాకా. రెండోదాంట్లో సామాజిక రాజకీయ తత్వం, మత తత్వం. రెండూ కలిపి 500 మార్కులు, ఇంటర్వ్యూతో కలిపి మొత్తం ఉండే 2,025 మార్కుల్లో దాదాపు నాలుగో వంతు. నాలుగైదు నెలల పట్టుదలతో అయ్యే పనికి రెండేళ్ళ ఎమ్మే ఎందుకు?

ఎమ్మే చేసినవాళ్ళకు కొన్ని అనుకూలాలు ఉన్నమాట నిజం. 2013 నుంచి ఉన్న నీతి, నిజాయితీ పేపర్ 250 మార్కులు. అందులో దాదాపు సగం కేసు స్టడీలు. జనరల్ స్టడీస్ నాలుగో పేపర్‌గా అది అందరికీ తప్పనిసరి. వ్యాసం పేపర్ ఇంకో 250. ఈ రెంటిలోనూ విడగొట్టి రాయడం వచ్చినవాళ్ళకు చేయి ఆడుతుంది. ప్రతికూలం కూడా ఉంది. ఎమ్మేలో పదిహేను పేజీలు రాయడం అలవాటైన చేయి, ఏడెనిమిది నిమిషాల్లో 150 పదాలు రాయమంటే మొరాయిస్తుంది. ఉపోద్ఘాతంతోనే సమయం అయిపోతుంది. 2023 పరీక్షలో దేశమంతటా ఎంపికైనవాళ్ళు 1,016 మంది, దరఖాస్తులు లక్షల్లో. దీన్ని ఉద్యోగావకాశాల జాబితాలో మొదట రాసే కరపత్రాలను నమ్మకండి. మన రాష్ట్రాల గ్రూప్-1 మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టే లేదు.

రెండో కాలు

ఫిలాసఫీ డిగ్రీ ఒక్కటే చేతపట్టుకుని ఉద్యోగ ప్రకటనలు వెతికితే ఏమీ దొరకదు. ఆ పేరుతో ప్రకటనలు పడవు. దొరికేది, ఈ చదువు ఇచ్చిన నేర్పుకు ఇంకో అర్హత తోడైనప్పుడు. ఆ తోడును ఎమ్మే మొదటి సెమిస్టర్‌లోనే ఎంచుకోవాలి. పూర్తయ్యాక వెతుక్కుంటే ఇంకో రెండేళ్ళు పోతాయి.

అన్నిటికంటే బాగా అతికేది లా. మూడేళ్ళ ఎల్ఎల్‌బీకి లాసెట్ రాయాలి: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, అందులో 60 ప్రశ్నలు చట్టం చదవడానికి కావాల్సిన అభిరుచి మీదే. డిగ్రీలో జనరల్ వాళ్ళకు 45 శాతం చాలు. తీర్పును చదవడం అంటే వాదాన్ని విడగొట్టడమే. జడ్జి ఏ అంచె మీద నిలబడ్డాడు, ఏది దారిలో అన్నాడు అని వేరుచేయడం ఫిలాసఫీ విద్యార్థికి అప్పటికే వచ్చు. మొదటి మూడు నాలుగేళ్ళు ప్రాక్టీసులో సంపాదన అంతంతమాత్రం. అది ఫిలాసఫీ తప్పు కాదు, వృత్తి స్వభావం.

వైద్య పరిశోధన వైపు చాలామందికి తెలియని తలుపు ఒకటి ఉంది. కొత్త మందుల ప్రయోగాలు జరిగే ఆసుపత్రుల్లో నైతిక కమిటీ తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి. సామాజిక శాస్త్రవేత్త, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, తత్వవేత్త, నీతిశాస్త్రజ్ఞుడు, ఇలాంటివాళ్ళలో ఒకరికి చోటు ఇవ్వాలని ఆ నిబంధనల్లో పేరుపెట్టి రాసి ఉంది. ఇది జీతం వచ్చే ఉద్యోగం కాదు, సమావేశానికి గౌరవ వేతనం ఇస్తారు, అంతే. కానీ క్లినికల్ రిసెర్చ్‌లో ఉన్న ఫార్మసీ, నర్సింగ్ వాళ్ళకు ఫిలాసఫీ ఎమ్మే తోడైతే, రోగి అనుమతి పత్రాలు రాయడం, సమీక్షించడం వంటి పనుల్లో వాళ్ళ మాటకు విలువ పెరుగుతుంది. హైదరాబాదులో ఇలాంటి పని చాలా జరుగుతుంది.

ఇంజనీరింగ్ కాలేజీల్లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పెట్టిన మానవ విలువల కోర్సు ఉంది, మూడు క్రెడిట్లు. ఫిలాసఫీ వాళ్ళను తీసుకుంటారని ఆశపడతారు. ఆచరణలో వేరే శాఖల అధ్యాపకులకే కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి చెప్పిస్తారు. ఇది బాధాకరమే, అయినా దాని మీద లెక్కలు కట్టుకోకూడదు.

టెక్ కంపెనీల్లో కంటెంట్ పాలసీ, ఏఐ జవాబుల నాణ్యత చూడటం, శిక్షణ పాఠాలు తయారుచేయడం లాంటి పనులు ఉన్నాయి. ప్రకటనలో ఏ డిగ్రీ అయినా పరవాలేదని ఉంటుంది. ఎంపిక మాత్రం రాత పరీక్ష మీద, నమూనా మీద జరుగుతుంది. అక్కడ ఫిలాసఫీ అని చెప్పడం కంటే, రెండు పేజీల్లో ఒక చిక్కు నిబంధనను విప్పి రాసిన కాగితం చూపించడం పనిచేస్తుంది. పెద్ద ఏఐ సంస్థల్లో ఫిలాసఫీ డాక్టరేట్లు పనిచేస్తున్న మాట నిజమే. అయితే వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, దాదాపు అందరూ విదేశాల్లో డాక్టరేట్ చేసినవాళ్ళే.

జర్నలిజం, అనువాదం, ప్రచురణ తెలుగులో రాయగలిగినవాళ్ళవి. జీతాలు చిన్నవి. కానీ తెలుగులో తత్వశాస్త్రం మీద నిక్కచ్చిగా, అర్థమయ్యేలా రాసేవాళ్ళు ఎంత తక్కువో చూస్తే గుండె తరుక్కుపోతుంది. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు శ్రీపర్వతం మీద ఉన్నాడని చెప్పుకుంటాం. ఆయన శూన్యవాదం ఏమిటని ఇంటర్ కుర్రాడు అడిగితే, చేతికివ్వడానికి తెలుగులో మంచి పరిచయం వెంటనే తోచదు.

విదేశాల మాట

అప్పు తీసుకుని అమెరికాలో ఫిలాసఫీ ఎమ్మేకు వెళ్ళడం దాదాపు ఎప్పుడూ తప్పే. చదువు తర్వాత అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ సబ్జెక్టులకు (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) దొరికే అదనపు 24 నెలలు ఫిలాసఫీకి సాధారణంగా రావు. అప్పు తీరదు. పీహెచ్‌డీకి నేరుగా వెళ్తే లెక్క తిరగబడుతుంది. మంచి విభాగాలు ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇస్తాయి, పోటీ మాత్రం భయంకరం. దరఖాస్తుల గడువు డిసెంబరు, జనవరి. అందులో బరువంతా రాత నమూనాది. పదిహేను ఇరవై పేజీల్లో ఒక్క వాదాన్ని నడపాలి. మనవాళ్ళ నమూనాలు తిరిగొచ్చేది ఎక్కువగా ఒకే కారణంతో: సగం పైగా ఇతరులు ఏమన్నారో చెప్పడానికే సరిపోతుంది, సొంత వాదం ఆఖరి రెండు పేజీల్లో వస్తుంది.

గణితం బాగా వచ్చిన బీటెక్ వాళ్ళు మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషులో నడిచే లాజిక్, విజ్ఞాన తత్వశాస్త్రం ఎమ్మేను, ఆమ్‌స్టర్‌డామ్‌లో లాజిక్ మాస్టర్స్‌ను చూడాలి. జర్మనీకి మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. 2024 సెప్టెంబరు నుంచి అక్కడి బతుకు ఖర్చుల కోసం ముందే డబ్బు వేసే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి.

దరఖాస్తు పెట్టేముందు

మూడు వారాలు ఇలా గడిపి చూడండి, ఖర్చు లేదు. మొదటి వారం ఈ-పీజీ పాఠశాల, 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఏదో ఒకదానిలో తర్కం పాఠాలు తీసుకుని, రోజుకు గంట చొప్పున అభ్యాసాలు చేయండి. రెండో వారం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో మీకు ఇష్టమైన అంశం మీద ఒక్క వ్యాసం తీసుకుని, పైన చెప్పిన మూడు సాయంత్రాల పద్ధతిలో చదవండి. మూడో వారం అందులో మీరు ఒప్పుకోని ఒక్క అంచె మీద వెయ్యి పదాలు రాయండి, తెలుగులోనైనా సరే. రాసింది మీ అభిప్రాయంతో ఏకీభవించని ఒకరికి ఇచ్చి, ఎక్కడ తప్పుందో చెప్పమనండి. వాళ్ళు చెప్పింది విన్నాక మళ్ళీ రాయాలని చేతులు దురదపెడితే నోటిఫికేషన్ కోసం చూడండి. కోపం వచ్చి కాగితం పక్కన పడేస్తే, రెండేళ్ళు వారం వారం జరిగేది అదేనని గుర్తుపెట్టుకుని నిర్ణయించుకోండి.